దండు కదిలే ముందు వినిపించే తప్పుడు సలహాలు

అడవిలో అలజడి లేచిందనగానే రాజధానిలో సలహాలు పుడతాయి. ఇచ్చేవాళ్ళు చదువుకున్నవాళ్ళే, కొందరు యుద్ధాలు చూసినవాళ్ళు కూడా. అయినా ఆ సలహాలు నూట యాభై ఏళ్ళుగా మారలేదు. రంప కొండల్లో ఇచ్చినవే వియత్నాంలో ఇచ్చారు, అక్కడ ఓడినవే మళ్ళీ దండకారణ్యంలో ఇచ్చారు. వాటిని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఇవన్నీ తప్పుడు సలహాలని ముందే చెబుతున్నాను. పేరు మార్చుకుని మళ్ళీ వస్తే గుర్తుపట్టడానికి పనికొస్తాయి.

“ఇంకో పటాలం పంపండి”

అన్నిటికన్నా ముందు వచ్చేది ఇదే. తక్కువమందిని పంపి ఓడితే నిలదీస్తారు గానీ, ఎక్కువమందిని పంపి ఓడిన అధికారిని ఎవరూ ఏమీ అనరు. అందుకే ఈ సలహాకు చావు లేదు.

1879 మార్చిలో రంపలో ఫితూరీ (తిరుగుబాటు) మొదలైనప్పుడు మద్రాసు ప్రభుత్వం చేసింది ఇదే. చుట్టుపక్కల జిల్లాల నుంచి వందలాది పోలీసులు వచ్చారు. చాలలేదు. మద్రాసు పదాతి రెజిమెంట్లు ఆరు, సాపర్లు–మైనర్లు రెండు కంపెనీలు, ఒక గుర్రపు దళం, హైదరాబాద్ కంటింజెంట్ నుంచి ఇంకో పదాతి దళం దిగాయి. ఎదురుగా ఉన్నది కొండరెడ్లు, కోయలు, వాళ్ళ ఊళ్ళ గుంపులకు పెద్దలైన ముఠాదార్లు. అయినా ఫితూరీ ఆగలేదు సరికదా, గొలుగొండ కొండలకూ రేకపల్లి వైపుకూ పాకింది.

ఎందుకు? అడవి బాట ఒక మనిషి పట్టేంత వెడల్పు. వందమంది అందులో నడిస్తే వరస ఫర్లాంగు దాటి సాగుతుంది. ముందు తుపాకి పేలితే వెనకవాడికి ఎటు తిరగాలో తెలియదు. ప్రతి సిపాయికీ బియ్యం కావాలి, బియ్యానికి మోతగాళ్ళు కావాలి, మోతగాళ్ళకు కాపలా కావాలి. ఆ మోతగాళ్ళను తెచ్చేది కూడా ఏ ఊళ్ళు కోపంతో ఉన్నాయో ఆ ఊళ్ళ నుంచే, వెట్టికి. దండు పెరిగేకొద్దీ కాపలా కాసుకోవాల్సింది పెరుగుతుంది, తిరిగి వెతకడానికి మిగిలేవాళ్ళు తగ్గుతారు. దీనికితోడు మన్యం జ్వరం. కొండల్లో పుట్టి పెరిగినవాళ్ళకు ఆ జ్వరం కొంత అలవాటు. మైదానం నుంచి వచ్చినవాడికి మొదటి వానాకాలంలోనే మంచం పట్టిస్తుంది. గుర్రపు దళం సంగతి సరేసరి. ఆ ఘాటీల్లో గుర్రానికి పనేముంది?

అసలు ఈ ఫితూరీ దేని గురించి? చాలావరకు కల్లు గురించి. తమ జీలుగు, తాటి చెట్ల కల్లు తాము గీసుకుని తాగడం కొండవాళ్ళకు తిండితో సమానం. ఆ కొండల మీద శిస్తు వసూలు హక్కున్న రంప మన్సబ్‌దారు దానిమీద చిగురు పన్ను వసూలు చేసేవాడు. ఆబ్కారీ నిబంధనలు కొండకు ఎక్కి కల్లు కంట్రాక్టర్ల చేతికి పోయాక, ఇంటి వాడకానికి గీసుకోవడమూ నేరమైంది. మన్సబ్‌దారు మాత్రం పాత పన్ను పోయిందని కొత్త పన్ను అడిగాడు. పైగా కింది ఊళ్ళ షావుకార్లు కోర్టుల్లో ఏకపక్షంగా డిక్రీలు తెచ్చుకుని పశువుల్ని తోలుకుపోయేవారు. ఇదంతా రెవెన్యూ బోర్డు సభ్యుడు సలివన్ వచ్చి విచారిస్తే బయటపడింది. మన్సబ్‌దారును తొలగించారు. ముఠాదార్లతో ప్రభుత్వం నేరుగా ఒప్పందాలు చేసుకుంది. వచ్చిన క్రమం చూడండి: ముందు ఆరు రెజిమెంట్లు, తర్వాత విచారణ చేసే అధికారి. సలివన్‌కు చెప్పిన మాటలు ఆ జనం ఏడాది ముందు కూడా చెప్పేవాళ్ళే.

“మ్యాపు ఉంది, బయల్దేరండి”

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డారు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు, రెండున్నర వేల తూటాలు. ఏం తీసుకున్నదీ రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడు. ఆ సాహసం గురించి మనం పాటలు కట్టుకున్నాం, సినిమాలు తీసుకున్నాం. నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది నెల తర్వాత దామనపల్లి ఘాటీలో జరిగింది.

సెప్టెంబర్ 24న పోలీసు దండు ఆ కనుమ ఎక్కింది. పొంచి ఉన్నవాళ్ళు ముందు నడుస్తున్న మన దేశపు కానిస్టేబుళ్ళను వదిలేశారు. వెనక వస్తున్న తెల్ల అధికారులు కవార్డ్, హైటర్ కనుచూపులోకి వచ్చాక కాల్చారు. ఇద్దరూ చనిపోయారు. ఎవర్ని వదలాలో ఎవర్ని కాల్చాలో అంత కచ్చితంగా ఎంచుకోగలగడం గురి ఒక్కదానితో అయ్యే పని కాదు. ఎవరు వస్తున్నారు, ఏ బాటన వస్తున్నారు, ఏ వరసలో నడుస్తున్నారు అన్నది ముందే తెలియాలి.

తెలియడం కష్టమేమీ కాదు. దొర క్యాంపు కదలాలంటే ముందురోజే కూలీలకు కబురు వెళుతుంది. కోళ్ళు, గుడ్లు, బియ్యం కావాలని ఊళ్ళో అడుగుతారు. డేరా మోసేవాళ్ళు తయారవుతారు. ఇక దాచేదేముంది? దండు కొండ ఎక్కేలోపు ఆ కబురు నాలుగు కొండలు దాటుతుంది. దండుకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. చెప్పడానికి ఏం బాకీ ఉన్నారు? గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లికి వేయించిన రోడ్డు మీద చాలీచాలని కూలికి రాళ్ళు కొట్టింది వాళ్ళే. 1882 అడవి చట్టం తర్వాత పోడు కొట్టుకుంటే జరిమానా కట్టింది వాళ్ళే. రాజు పక్కన నిలబడిన గాం గంటం దొర ముఠాదారీ పోగొట్టుకున్న మనిషి. మ్యాపులో కొండలుంటాయి, కనుమలుంటాయి, ఊళ్ళ పేర్లుంటాయి. వైశాఖంలో ఏ ఊట ఎండిపోతుందో, సంత ఏ రోజో, ఎవరి కూతుర్ని ఏ గూడేనికి ఇచ్చారో ఉండదు. అడవిలో యుద్ధం నడిచేది ఈ రెండోరకం సమాచారంతో. అది జనం దగ్గర ఉంటుంది. జనం దాన్ని తమకు నచ్చినవాడికి చెబుతారు, లేదా భయపెట్టినవాడికి చెబుతారు. భయంతో చెప్పినదానిలో సగం తప్పు ఉంటుంది.

ఇక్కడొక మాట దాచకూడదు. గెరిల్లాలు కూడా భయపెడతారు. ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర వేసి ఊరివాణ్ణి చంపిన సంఘటనలు మన ఏజెన్సీలోనే ఎన్నో. రెండు తుపాకుల మధ్య నలిగే ఊరు మౌనంగా ఉండిపోతుంది. ఆ మౌనం బయటి నుంచి వచ్చినవాడికే ఎక్కువ నష్టం. ఊరివాడు చెప్పకపోయినా గెరిల్లాకు అడవి తెలుసు.

“అడవి తెలిసిన పటాలాన్ని తెప్పించండి”

ఇది తెలివైన సలహాలాగా వినిపిస్తుంది. మాప్పిళ్ళ తిరుగుబాటు కోసం 1921లో తయారు చేసిన మలబార్ స్పెషల్ పోలీసులను మన్యానికి పంపారు. తర్వాత అస్సాం రైఫిల్స్‌ను దించారు. కొండలెక్కడం తెలిసినవాళ్ళే, కాదనలేం. కానీ ఏ కొండలు? తెలుగు రాదు, కోయ మాట అసలే రాదు.

1922 డిసెంబర్ 6న పెద్దగడ్డపాలెం దగ్గర రాజు మనుషులు దెబ్బతిన్నారు. వరి పొలాల్లో, బయలులో నిలబడి పోరాడిన రోజు అది. సైన్యం బలం సైన్యంలాగా నిలబడినవాడి మీదే పనిచేస్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. దళం ఆ పాఠం ఒక్కరోజులో నేర్చుకుని అడవిలోకి జారిపోయింది. నెలల తరబడి జాడ లేదు. అణిగిపోయిందనుకుంటుండగా 1923 ఏప్రిల్‌లో రాజు అన్నవరంలో, కొండ కింద, జనం మధ్య కనిపించాడు.

వియత్నాంలో అమెరికా ఈ పొరపాటును ఒక పద్ధతిగా మార్చింది. సైనికుడికి అక్కడ ఒక ఏడాది. చాలామంది కమాండర్లకు దళం చేతిలో ఉండేది ఆరు నెలలు. బాటలు, మొహాలు, నాలుగు మాటలు వచ్చేసరికి ఇంటికి విమానం. ఎదురుగా ఉన్నవాడు ఫ్రెంచివాళ్ళతో పోరాడినప్పటి నుంచి అదే జిల్లాలో ఉన్నాడు.

“కోట కట్టి కూర్చోండి, వాళ్ళే వస్తారు”

ఫ్రెంచి జనరల్ నవార్ 1953 నవంబర్‌లో డియన్ బియన్ ఫూ లోయలో పారాచూట్లతో సైన్యాన్ని దించి చేసింది ఇదే. చుట్టూ కొండలు. ఆ కొండల మీదికి భారీ ఫిరంగులు ఎక్కించడం ఎవరి తరమూ కాదని లెక్క వేశారు. వియత్నాం సేనాని గియాప్ మనుషులు ఫిరంగుల్ని విడదీసి, తాళ్ళతో లాగి ఎక్కించారు. సైకిళ్ళ మీద బియ్యం తోశారు. 1954 మే 7న ఆ కోట పడిపోయింది. తమ ఇంజనీర్లకు చేతకానిది ఎవరికీ చేతకాదనుకోవడమే అక్కడి తప్పు.

“చంపినవాళ్ళ లెక్క చూపించండి”

తప్పుడు సలహాల్లో నాకు అన్నిటికన్నా నీచంగా తోచేది ఇది.

ఊళ్ళు పట్టుకుని నిలబెట్టుకునే యుద్ధం కానప్పుడు గెలుస్తున్నామో ఓడుతున్నామో కొలిచేదెలా? అమెరికా రక్షణ మంత్రి మెక్‌నమారా లెక్కలు నమ్మిన మనిషి. సైగాన్‌లో జనరల్ వెస్ట్‌మోర్లాండ్ అరగదీసే యుద్ధం నమ్మాడు: వాళ్ళు భర్తీ చేసుకోగలిగిన దానికన్నా ఎక్కువమందిని చంపుతూ పోతే ఏదో ఒకరోజు తరిగిపోతారని. అలా శవాల లెక్క విజయానికి కొలతయింది. అధికారి ప్రమోషను ఆ అంకె మీద ఆధారపడింది. అంకె కావాలంటే అంకె వస్తుంది. చనిపోయిన రైతు కూడా అందులో చేరతాడు, పొలంలో పరిగెత్తిన పిల్లవాడూ చేరతాడు.

1968 డిసెంబర్ నుంచి 1969 మే వరకు మెకాంగ్ డెల్టాలో అమెరికా తొమ్మిదో పదాతి డివిజన్ నడిపిన స్పీడీ ఎక్స్‌ప్రెస్ అనే దాడిలో చంపిన శత్రువులు 10,899 మంది అని సైన్యమే ప్రకటించింది. దొరికిన ఆయుధాలు 748. ఈ రెండు అంకెల మధ్య మిగిలిన పదివేలకు పైగా మనుషుల చేతుల్లో ఏముంది? ఆ ప్రశ్నకు జవాబు డెల్టాలో ప్రతి ఊరికీ తెలుసు. చెల్లెల్ని పోగొట్టుకున్న కుర్రవాడు ఆ సాయంత్రమే ఎటు నడిచాడో లెక్కల పుస్తకంలో రాయలేదు. ఇండోచైనా మీద వేసిన బాంబులు డెబ్బై లక్షల టన్నులు దాటాయి. 1969 నాటికి అమెరికా సైనికులు ఐదు లక్షలకు పైన ఉన్నారు. అంకెలన్నీ పెరిగాయి, యుద్ధం మాత్రం దక్కలేదు.

“చెరువు ఎండగడితే చేప చస్తుంది, ఊళ్ళు ఖాళీ చేయించండి”

జనంలో గెరిల్లా, నీళ్ళలో చేప అన్న పోలికను మావో నుంచి తీసుకుని, దాని మీద కట్టిన సలహా ఇది. దీన్ని కొంచెం నెమ్మదిగా చూడాలి. ఎందుకంటే ఇది ఒక్కోసారి పనిచేస్తుంది. పనిచేసిందన్న ఆ ఒక్క ఉదాహరణ పట్టుకునే మిగతా అన్నిచోట్లా చేశారు.

ఆ ఉదాహరణ మలయా. 1950లో బ్రిగ్స్ పథకం కింద అడవి అంచుల్లో ఉన్న సుమారు ఐదు లక్షల మంది చైనీయులను కంచెలు వేసిన కొత్త ఊళ్ళకు తరలించారు. బియ్యం అడవిలోకి వెళ్ళకుండా ఆపారు. కమ్యూనిస్టు దళాలు బలహీనపడ్డాయి. కానీ అక్కడ తిరుగుబాటుదార్లు ఎక్కువగా ఒకే సముదాయం వాళ్ళు, దేశంలో ఎక్కువమంది వాళ్ళ వెంట లేరు. తరలించినవాళ్ళలో చాలామంది పట్టా లేని భూముల్లో ఉన్నవాళ్ళు, కొత్త ఊళ్ళో వాళ్ళకు హక్కు దొరికింది. అన్నిటికీ మించి బ్రిటిష్ వాళ్ళు వెళ్ళిపోతామని మాట ఇచ్చి 1957లో వెళ్ళిపోయారు. కంచె గురించి అందరికీ గుర్తుంది. ఆ మిగతావి ఎవరికీ గుర్తులేవు.

వియత్నాంలో 1962 నుంచి అదే చేశారు. అక్కడి రైతుకు ఊరంటే పూర్వీకుల సమాధులున్న చోటు. అతనిచేతే కందకం తవ్వించి, వెదురు ముళ్ళు పాతించి, ఇక నువ్విక్కడ భద్రంగా ఉన్నావన్నారు. ఆ పథకాన్ని పరుగులు పెట్టించిన అధికారుల్లో ఒకడైన కర్నల్ ఫామ్ ఙోక్ థావో రహస్యంగా కమ్యూనిస్టుల మనిషి. ఎంత తొందరగా కట్టిస్తే జనానికి అంత మంట పుడుతుందని అతనికి తెలుసు. శత్రువు ఇష్టపడి నడిపిన పథకం మంచిదెలా అవుతుంది?

మన నేల మీద కూడా ఇది జరిగింది. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత తెలంగాణ రైతాంగ సాయుధ దళాలు గోదావరి అడవుల్లోకి వెళ్ళినప్పుడు కోయగూడేలను ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టారు. అడవి నుంచి తీసుకొచ్చిన కోయ కుటుంబానికి శిబిరంలో ఇప్పపువ్వు దొరకదు, దుంప దొరకదు, పోడు లేదు. అంతకుముందు 1922–24లో కూడా రాజుకు సాయం చేశారని ఊళ్ళ మీద పోలీసు ఖర్చులు పన్నుగా వేశారు, దళానికి తిండి దొరక్కుండా చూశారు. అది కొంతవరకు పనిచేసిందనే నిజాయితీగా చెప్పాలి. రెండేళ్ళు మోసిన ఊళ్ళు అలసిపోయాయి. ఊళ్ళు అలసిపోవడాన్ని ప్రభుత్వం శాంతి అని రాసుకుంది. తెలంగాణలో 1951 అక్టోబర్‌లో పోరాటం ఆగింది. అప్పటికి జాగీర్లు రద్దయ్యాయి, 1950 కౌలుదారీ చట్టం వచ్చింది. ఆ చట్టం కోసం అన్ని ప్రాణాలు పోవాల్సిన అవసరం ఉందా అని నల్లగొండ రైతును అడిగితే ఏం చెప్పేవాడో!

“మనవాళ్ళకూ గెరిల్లా విద్య నేర్పితే చాలు”

ఇది సగం నిజం, అందుకే ప్రమాదం. 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ నక్సలైట్లను ఎదుర్కోవడానికి గ్రేహౌండ్స్ దళాన్ని కట్టినప్పుడు పాత సలహాల్లో చాలావాటిని పక్కన పెట్టారు. చిన్న జట్లు, కాలినడక, రాత్రి ప్రయాణం, తిండి వీపు మీదే. అడవిలో వాళ్ళకు దక్కిన ఫలితాలు దేశమంతా చూసింది. అయినా 2008 జూన్ 29న ఒడిశాలో బలిమెల జలాశయం దాటుతున్న వాళ్ళ పడవ మీద ఒడ్డున ఉన్న కొండ నుంచి కాల్పులు జరిగాయి. 38 మంది చనిపోయారు. అంత శిక్షణ ఉన్నవాళ్ళు కూడా బయలు నీళ్ళ మీద ఒకే పడవలోకి ఎక్కాక ఏం చేయగలరు? 2010 ఏప్రిల్ 6న అప్పటి దంతెవాడ జిల్లా తాడ్‌మెట్ల దగ్గర 76 మంది జవాన్లు చనిపోయారు. దేశంలో నాలుగు మూలల నుంచి జీతం కోసం వచ్చిన పేదింటి పిల్లలు. వాళ్ళని అక్కడికి పంపిన సలహా ఎవరిదో ఏ స్మారక స్తూపం మీదా ఉండదు. చనిపోయిన గెరిల్లాల్లో కూడా ఎక్కువమంది గూడేల పిల్లలే. ఆ లెక్కా ఈ లెక్కా కలిపి చూసే అలవాటు మనకు లేదు.

“నాయకుడు పోతే అంతా పోతుంది”

1924 మే 7న మంప దగ్గర రాజును పట్టుకుని, కొయ్యూరులో విచారణ లేకుండా కాల్చి చంపారు. నెల తిరగ్గానే గంటం దొర పోయాడు. ఫితూరీ ముగిసిందని రాశారు. పోడు గొడవ ముగియలేదు, అటవీ చట్టం మారలేదు, అప్పుల షావుకారు కొండ దిగలేదు. నాలుగు దశాబ్దాల తర్వాత, ఉత్తరాన శ్రీకాకుళం కొండల్లో సవరలు, జాతాపులు మళ్ళీ లేచింది ఈ భూములు, ఈ అప్పుల మీదే. ఆ పోరాటం నడుస్తున్న రోజుల్లోనే 1970లో 1/70 రెగ్యులేషన్ వచ్చింది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారడానికి వీల్లేదంది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి కూడా ఒకప్పుడు గిరిజనుడిదేనని భావించాలంది. రంప కొండల్లో 1879 నాటికే కావాల్సిన మాట ఇది.

ఆదిలాబాద్ అడవుల్లోని జోడేఘాట్ సంగతి ఇంకా స్పష్టం. గోండు నాయకుడు కుమ్రం భీం తమ పన్నెండు గూడేలకు భూమి మీద హక్కు అడిగాడు. తన గోడు నిజాంకు చెప్పుకోవాలని ప్రయత్నించాడు, సాగలేదు. 1940లో నిజాం పోలీసులు అతన్ని చంపారు. అతను చనిపోయాక అదే ప్రభుత్వం, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన మార్లవాయిలో వాళ్ళ మధ్య ఉండి, వాళ్ళ భాష నేర్చుకుని, భూములు ఎలా పోయాయో రాశాడు. తర్వాత గోండులకు వేల ఎకరాల్లో పట్టాలు వచ్చాయి, గోండీలో బడి వచ్చింది. తుపాకి తీసుకెళ్ళని ఆ ఒక్క మనిషికి గూడేలన్నీ అన్నీ చెప్పాయి.

2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టాల కోసం పెట్టుకున్న దరఖాస్తులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తిరస్కరణల మీద తిరస్కరణలు చూశాయి. ఫితూరీ లేచిన ఆ రంప కొండల కిందే, దేవీపట్నం మండలంలో, పోలవరం ప్రాజెక్టు ముంపు వల్ల ఊళ్ళు వదిలిన కొండరెడ్లు, కోయలు భూమికి భూమి కోసం, పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. వాళ్ళ అర్జీలు తెలుగులోనే ఉన్నాయి, చదవడానికి ఏ పటాలమూ అక్కర్లేదు.